పాలు మానేస్తే రాళ్లు పుట్టవా?

ఓక్ ట్రీ రోడ్డు మీద శనివారం సాయంత్రం కారు పెట్టుకోను చోటు దొరికిందంటే ఆ రోజు లేచిన వేళ మంచిదే. ఎడిసన్ నుంచి ఇసెలిన్ దాకా సాగే ఈ రోడ్డుకు రెండు పక్కలా చీరల కొట్లు, బంగారం కొట్లు, మిఠాయి దుకాణాలు, దోసెల హోటళ్లు. ఎక్కడ నిలబడినా చెవిన తెలుగు పడుతూనే ఉంటుంది. కిందటి నవంబరులో అక్కడి కిరాణా కొట్లో, పాల అర ముందు మా పక్కింటి పెద్దమ్మ కనబడ్డారు. కూతురి పురుడు కోసం నల్గొండ జిల్లా నుంచి వచ్చి అప్పటికి నెల అయింది. బండిలో గ్యాలన్ పాలు పెడతారు, ఏదో ఆలోచించి మళ్లీ తీసి అరలో పెడతారు. నన్ను చూడగానే అడిగేశారు.

"కిడ్నీల రాయి ఉన్నదన్నరు బిడ్డా. పాలు, పెరుగు బంద్ చెయ్యమంటున్నరు మా చుట్టాలు. నిజమేనా? పెరుగు లేకుంట బువ్వ ఎట్ల తినాలె?"

ఇది ఆవిడ ఒక్కరి ప్రశ్న కాదు. కిడ్నీలో రాయి అనగానే మన ఇళ్లలో మొదట వేటు పడేది పాల మీద, ఆ తర్వాత పాలకూర మీద, టమాటా గింజల మీద. రాయిలో కాల్షియం ఉంది, పాలలో కాల్షియం ఉంది, కాబట్టి పాలు తాగితే రాయి పెరుగుతుంది. వినడానికి లెక్క చక్కగానే ఉంది. ఒకప్పుడు వైద్యులు కూడా రాళ్లున్నవాళ్లకు ఈ లెక్క ప్రకారమే పాలు తగ్గించమని చెప్పేవారు. లెక్క సరిగ్గా ఎక్కడ తప్పిందో తెలియాలంటే పాలతో పాటు మనం కూడా గొంతు దిగి లోపలికి వెళ్లాలి.

వెళ్లేముందు పేరు సంగతి. మన సైన్సు పుస్తకాలు కాల్షియానికి ఖటికం అని పేరు పెట్టాయి. పరీక్షల్లో రాశాం, ఇంట్లో ఎవరం అనలేదు. అంతకన్నా దగ్గరి మాట మనకు ఉండనే ఉంది: సున్నం. శుద్ధమైన కాల్షియం వెండిలా మెరిసే లోహం, దాన్నెవరూ తినరు. మనకు తెలిసినవన్నీ అది ఇంకో పదార్థంతో కలిసిన రూపాలే. గోడకు కొట్టే సున్నం, తమలపాకుకు రాసే సున్నం, గుడ్డు పెంకు, ఆల్చిప్ప, మన పళ్లు, ఎముకలు అన్నీ ఒకే కుటుంబం. కెమిస్ట్రీ మాస్టార్లు మన్నిస్తే ఈ అధ్యాయంలో చాలాచోట్ల సున్నం అనే రాస్తాను.

గాదె నిండుగా ఉందా?

పెద్దమనిషి ఒంట్లో సున్నం మొత్తం సుమారు కిలో. అందులో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. రక్తంలో తిరిగేది గ్రాములో మూడో వంతు కూడా ఉండదు. కానీ ఒంటికి నిమిషం నిమిషం కావలసింది ఆ చిటికెడే.

ఆ సంగతి ఒక పొరపాటు వల్ల బయటపడింది. లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు 1880ల మొదట్లో కప్ప గుండెను బయటికి తీసి, ఉప్పునీళ్లలో ఉంచి, అది ఎంతసేపు కొట్టుకుంటుందో చూస్తుండేవాడు. స్వచ్ఛమైన నీళ్లతో ఆ ద్రావణం చేశామనుకుని ఫలితాలు అచ్చువేయించాడు కూడా. తీరా చూస్తే దాన్ని కలిపిన సహాయకుడు వాడింది కుళాయి నీళ్లు. నిజంగా స్వచ్ఛమైన నీళ్లతో మళ్లీ చేస్తే గుండె కొద్దిసేపటికే ఆగిపోయింది. లండన్ కుళాయి నీళ్లలో కరిగి ఉన్న సున్నమే గుండెను నడిపించిందని 1883లో తన తప్పు తనే దిద్దుకుంటూ రాశాడు. ఆసుపత్రిలో 'ఆర్.ఎల్. బాటిల్ ఎక్కించారు' అంటుంటాం కదా, ఆ ఆర్ అక్షరం ఈయనదే. రింగర్ లాక్టేట్. సహాయకుడి బద్ధకానికి వైద్యశాస్త్రం రుణపడిన సందర్భాలు ఎక్కువ లేవు.

గుండె ఒక్కటే కాదు. కండరం బిగియాలన్నా, నరం కబురు మోయాలన్నా, దెబ్బ తగిలినచోట రక్తం గడ్డకట్టాలన్నా ఆ చిటికెడు సున్నం ఉండాలి. అది తగ్గితే చేతులు కొంకర్లు పోతాయి, మరీ తగ్గితే ప్రాణానికే ముప్పు. అందుకని శరీరం దాన్ని చాలా సన్నటి గీతల మధ్య నిలబెడుతుంది. ఆ కాపలా పని మెడలో, థైరాయిడ్ వెనక అతుక్కుని ఉండే నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులది. ఒక్కోటి ఇంచుమించు బియ్యపు గింజంత. వీటిని మొదట చూసింది మనిషిలో కాదు, మన దేశపు ఒంటికొమ్ము ఖడ్గమృగంలో. 1849లో లండన్ జంతుప్రదర్శనశాలలో చనిపోయిన ఖడ్గమృగాన్ని కోసి పరిశీలించిన రిచర్డ్ ఓవెన్ దాని మెడలో చిన్న పసుపుపచ్చ గ్రంథి ఉందని రాసిపెట్టాడు. మనిషిలో ఉన్నాయని 1880లో చెప్పినవాడు స్వీడన్ వైద్య విద్యార్థి ఇవార్ శాండ్‌స్ట్రోమ్.

ఈ గ్రంథుల తీరు పాతకాలపు ఇంటి పెద్దావిడ తీరు. పొయ్యి మీద ఎసరు పెట్టాక బియ్యం లేవనే మాట ఆ ఇంట్లో వినబడకూడదు. సంత నుంచి వస్తే సరే, రాకపోతే గాదె మూత తీసి కొలిచి ఇస్తుంది. ఎముక ఆ గాదె. మనం తిన్న తిండిలో సున్నం చాలని రోజున పారాథైరాయిడ్ హార్మోను ఎముక దగ్గరికి వెళ్లి కాస్త కరిగించి రక్తానికి పోయిస్తుంది. మూత్రంలో పోయేదాన్ని వెనక్కి తెప్పిస్తుంది. వంటింట్లో ఎప్పుడూ లోటు కనబడదు. గాదె అడుగు ఎప్పుడు కనబడుతుందో ఎవరూ చూడరు.

'రక్తపరీక్షలో కాల్షియం బాగానే ఉందన్నారు, ఎముకలకేం ఫరవాలేదు' అనేవాళ్లు నాకు తరచూ ఎదురవుతారు. ఆ పరీక్ష వంటింట్లో బియ్యం ఉన్నాయని చెబుతుంది, అంతే. అవి సంత నుంచి వచ్చాయా, గాదెలోంచి వచ్చాయా అన్నది చెప్పదు. గాదె కొలతకు వేరే ఎక్స్‌రే పరీక్ష ఉంది.

గాదె ఊరికే కూర్చునే గోడ కూడా కాదు. మన అస్థిపంజరంలో ఏటా పదో వంతు పాతది పోయి కొత్తది వస్తుంటుంది. ముప్పై ఏళ్ల లోపు నింపుకున్నంత నింపుకోవాలి. తర్వాత పెరిగేది ఉండదు, కాపాడుకోవడమే. ఆడవాళ్లలో ముట్లుడిగిన తర్వాత కొన్నేళ్లపాటు తరుగుదల జోరుగా సాగుతుంది. అలా గుల్లబారిన ఎముకలతో, ఎడిసన్ జనవరిలో వాకిట్లో గడ్డకట్టిన మంచు మీద కాలు జారితే మణికట్టో తుంటో విరుగుతుంది. బోలు ఎముకల వ్యాధికి నొప్పి ముందుగా రాదు. చాలామందికి ఆ విరగడమే మొదటి కబురు.

గడప దగ్గర ఆగిపోయే చుట్టం

ఇక పెద్దమ్మ రాయి దగ్గరికి వద్దాం. కిడ్నీల్లో పుట్టే రాళ్లలో ఎక్కువ భాగం సున్నానికి ఆక్సలేట్ అనే పదార్థం తోడై గట్టిపడ్డవే. ఆక్సలేట్ పాలకూరలో, బాదంలో, బీట్‌రూట్‌లో దండిగా ఉంటుంది. కొంత మన శరీరమే తయారుచేస్తుంది. ఈ రెండూ కలిస్తే విడదీయడం కష్టం. కాబట్టి అసలు ప్రశ్న అవి కలుస్తాయా లేదా అన్నది కాదు. ఎక్కడ కలుస్తాయి అన్నది.

పిలవని చుట్టం ఒకడు మెట్రోపార్క్ స్టేషన్‌లో రైలు దిగాడనుకుందాం. మనింటి మనిషి ఒకరు ప్లాట్‌ఫారం మీదే అతణ్ని కలిసి, కాఫీ తాగించి, తిరుగు రైలెక్కించేస్తే గొడవ ఉండదు. ఎవరూ వెళ్లకపోతే అతను నేరుగా ఇంటికొచ్చి నడింట్లో చాప వేస్తాడు. పేగు ఆ ప్లాట్‌ఫారం. భోజనంలో పెరుగో పాలో ఉంటే అందులోని సున్నం ఆక్సలేట్‌ను పేగులోనే పట్టుకుంటుంది. రెండూ కలిసి మలంతో బయటికి పోతాయి. పాలు, పెరుగు మానేస్తే ఆక్సలేట్‌ను ఆపేవాడు ఉండడు. అది రక్తంలోకి చేరి, కిడ్నీకి చేరి, అక్కడున్న సున్నంతో జతకడుతుంది.

ఇది ఊహ దగ్గర ఆగిపోలేదు. గ్యారీ కర్హన్ బృందం హార్వర్డ్ నుంచి 45,619 మంది మగవాళ్లను నాలుగేళ్లు గమనించి 1993లో ఫలితాలు ప్రకటించింది. తిండిలో కాల్షియం అందరికన్నా ఎక్కువ తీసుకున్నవాళ్లలో రాళ్ల బెడద, అందరికన్నా తక్కువ తీసుకున్నవాళ్ల కంటే మూడో వంతు తక్కువ. అప్పటిదాకా చెబుతూ వచ్చిన సలహాకు ఇది పూర్తిగా అడ్డం తిరిగింది. పరిశీలన సరే, ప్రయోగం ఏదంటారా? అది ఇటలీలో జరిగింది. లోరిస్ బోర్గీ బృందం మళ్లీ మళ్లీ రాళ్లు పుట్టే 120 మంది మగవాళ్లను రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు కాల్షియం తగ్గించిన తిండి, రోజుకు 400 మిల్లీగ్రాములు. రెండో జట్టుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం ఇస్తూ ఉప్పు, మాంసం తగ్గించారు. ఐదేళ్లకు మొదటి జట్టులో 60 మందిలో 23 మందికి మళ్లీ రాయి. రెండో జట్టులో 12 మందికే. ఆ ఘనతలో ఉప్పు, మాంసం తగ్గించినందుకు కూడా వాటా ఉందనుకోండి. అయినా కాల్షియం మూడింతలు తిన్నవాళ్లకు రాళ్లు సగమే పుట్టాయన్నది 2002 నుంచీ అచ్చులో ఉంది. మన చుట్టాల దాకా ఇంకా రాలేదు.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి ఆవకాయ సంగతి చెప్పక తప్పదు. కిడ్నీ ఉప్పును బయటికి తోసేటప్పుడు సున్నం కూడా దాని వెంట కొంత జారిపోతుంది. ఆరు గ్రాముల ఉప్పుకు సుమారు 40 మిల్లీగ్రాములు. 40 అంటే ఎంతలే అనిపిస్తుంది. కానీ తిన్న సున్నంలో ఒంటికి పట్టేది మూడో వంతే. ఆ 40 పూడ్చాలంటే 120 మిల్లీగ్రాములు తినాలి, దాదాపు అర కప్పు పాలు. రాళ్లున్నవాళ్లు పెరుగు మానేసి పచ్చడి ఉంచుకోవడం లాంటి తిరకాసు ఇంకోటి లేదు.

నల్గొండ నీళ్లు చెప్పిన పాఠం

గడప దగ్గర ఆపడం అనే ఈ పనిని పెద్దమ్మకు విడమరచి చెప్పాల్సిన పని పడలేదు. ఆవిడ సొంత జిల్లాలోనే ఇంతకన్నా పెద్ద రుజువు ఉంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయినవాళ్లను, కాళ్లు వంకర్లు పోయిన పిల్లలను చూస్తూ పెరిగిన మనిషి. భారతదేశంలో ఈ వ్యాధి గురించి వైద్యపత్రికల్లో మొదట రాసింది కూడా తెలుగు నేల గురించే. 1937లో షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల గురించి రాశారు.

ఫ్లోరైడ్‌కు కూడా సున్నమంటే మక్కువ. ఎముకలో చేరి తిష్ఠ వేస్తుంది. ఎముక చూడటానికి గట్టిగా, లావుగా అవుతుంది. కీళ్లు బిగుసుకుపోతాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో 'లాన్సెట్' పత్రికలో ఇంకో రూపాన్ని బయటపెట్టారు. ఎదిగే వయసు పిల్లల్లో మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటూ పాదాలు ఎడంగా పోవడం, ఎముకలు గుల్లబారడం. ఒకే విషం ఒకచోట ఎముకను రాయి చేస్తే, ఇంకోచోట మెత్తబరిచి వంచుతోంది. ఈ రెండో రకానికి దారితీసేవాటిలో ముఖ్యమైనది తిండిలో సున్నం కరువు. సున్నం సరిపడా తినేవాడి పేగులో ఫ్లోరైడ్ కొంత అక్కడే చిక్కుకుని బయటికి పోతుంది. తిననివాడి ఒంట్లోకి అదీ ఎక్కువగా చేరుతుంది. ఇటు గాదె కాపాడే పెద్దావిడ ఖాళీ గాదెనే గోకుతూ ఉంటుంది. ఎదిగే ఎముక బరువు మోయలేక వంగుతుంది. నీళ్లు ఒక్కటే అయినా పాడి ఉన్న ఇంటి పిల్లాడికీ, కూలి ఇంటి పిల్లాడికీ ఒకేలా హాని చెయ్యవు.

నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగపూర్‌లోని నీరి (NEERI) పరిశోధన సంస్థ తయారుచేసిన పద్ధతిలోనూ సున్నమే ఉంది. పటిక, సున్నం కలిపి తేర్చడం. కెన్యా, టాంజానియాల్లో కూడా దాన్ని 'నల్గొండ పద్ధతి' అంటారు. ఊరి పేరు ప్రపంచమంతా తెలియడానికి ఇంతకన్నా మంచి కారణం దొరికి ఉంటే బాగుండేది. ఇప్పుడు కృష్ణ నీళ్లు పైపుల్లో వస్తున్నాయని, బోరు నీళ్లు తాగడం మానేశామని పెద్దమ్మ చెప్పారు.

బల్బు వెలుతురు చాలదు

తిన్న సున్నం పేగు దాటి లోపలికి రావాలంటే తలుపు తీసేవాడు కావాలి. ఆ పని విటమిన్ డిది. చర్మం మీద ఎండ పడితే శరీరం తనే దాన్ని తయారుచేసుకుంటుంది. 1921లో ఆల్ఫ్రెడ్ హెస్ న్యూయార్క్‌లో రికెట్స్‌తో కాళ్లు దొడ్డిగా వంగిన పిల్లలను ఎండలో ఉంచి, ఎండే మందని నిరూపించాడు.

అయితే ఏ ఎండ? 1988లో బోస్టన్‌లో చేసిన పరీక్షల్లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండలో పెట్టిన చర్మంలో విటమిన్ డి తయారీ అసలు మొదలే కాలేదు. సూర్యుడు అంత వాలుగా ఉన్నప్పుడు పనికొచ్చే కిరణాలను గాలిపొర మధ్యలోనే మింగేస్తుంది. ఎడిసన్ బోస్టన్‌కు కాస్త దక్షిణాన ఉంది కానీ చలికాలంలో పెద్ద తేడా ఉండదు. పైగా కోటు, టోపీ, చేతికి తొడుగులు. మన చామనఛాయ చర్మానికి తెల్లవాళ్ల కన్నా ఎక్కువసేపు ఎండ కావాలి. థామస్ ఎడిసన్ 1879లో బల్బు వెలిగించిన మెన్లో పార్క్ ఈ ఊళ్లోనే ఉంది. 1954లో ఊరి పేరు కూడా ఆయనదే పెట్టుకున్నారు. ఆ బల్బు కింద ఎంతసేపు కూర్చున్నా విటమిన్ డి మాత్రం రాదు.

అందుకే అమెరికాలో 1930ల నుంచి పాలలో విటమిన్ డి కలుపుతున్నారు. కప్పుకు సుమారు 100 యూనిట్లు. ఇక్కడో చిన్న కిటుకు ఉంది. డబ్బాలో కొనే పెరుగు చాలా రకాల్లో దాన్ని కలపరు. కలిపిన పాలను ఇంట్లో తోడు పెట్టుకుంటే ఆ పెరుగులో అది ఉంటుంది.

మరి నల్గొండ ఎండలో ఉన్నవాళ్లకు కరువేముంది? ఉంది. తిరుపతి స్విమ్స్‌లో హరినారాయణ్ బృందం 2007లో ప్రకటించిన అధ్యయనంలో ఆరోగ్యంగా కనిపించే మన దక్షిణాది జనంలోనే విటమిన్ డి లోపం విస్తారంగా కనబడింది. తిండిలో సున్నం తక్కువ, దాన్ని పట్టి ఉంచే ఫైటేట్ అనే పదార్థం ఎక్కువ. సున్నం తక్కువైన ఒళ్లు విటమిన్ డి నిల్వను త్వరగా ఖర్చుపెట్టేస్తుంది. ఎండ ఉంటే చాలదన్నమాట, కంచంలోనూ ఉండాలి.

బండిలో ఏం వేసుకోవాలి

ఎంత ఉండాలి? భారతీయ వైద్య పరిశోధన మండలి 2010లో పెద్దవాళ్లకు రోజుకు 600 మిల్లీగ్రాములు అంది, 2020లో దాన్ని 1000కి పెంచింది. అమెరికా లెక్క కూడా 1000, యాభై దాటిన ఆడవాళ్లకు, డెబ్భై దాటిన అందరికీ 1200. ఇక్కడి డబ్బాల మీద పోషకాల పట్టికలో కాల్షియం ఎంత శాతమో తప్పనిసరిగా వేస్తారు. ఆ నూరు శాతం 1300 మిల్లీగ్రాములు. పదమూడుతో గుణిస్తే మిల్లీగ్రాములు వచ్చేస్తాయి. పెద్దమ్మ బండిలోని పాల మీద 25 అని ఉంది, అంటే కప్పుకు 300 పైచిలుకు. రెండు కప్పులు పాలో పెరుగో మజ్జిగో అయితే సగం రోజు గడిచినట్టే. పాలు తాగితే కడుపుబ్బరించే పెద్దవాళ్లు మనలో చాలామంది. వాళ్లలో ఎక్కువమందికి పెరుగు సరిపడుతుంది, పాల చక్కెరను కొంతవరకు తోడు సూక్ష్మజీవులే తినేస్తాయి కాబట్టి.

పాలు ముట్టనివాళ్లకు రాగులున్నాయి. వంద గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములతో ధాన్యాల్లో వాటికి సాటి లేదు. మొలకెత్తించి పిండి చేసినా, అంబలిగా పులియబెట్టినా ఫైటేట్ పట్టు సడలుతుంది. మనవాళ్ల అలవాటు ఎందుకు మంచిదో తెలిసి చేసినా తెలియక చేసినా ఫలితం ఒకటే. మునగాకు మంచిది. ముల్లుతో సహా నమిలే నెత్తళ్లు చాలా మంచివి.

పుస్తకాల్లో కనబడే పెద్ద అంకెలను మాత్రం గుడ్డిగా నమ్మకండి. పొట్టు తీయని నువ్వుల్లో వంద గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాములకు అటూఇటూగా సున్నం ఉంటుంది. అందులో చాలా భాగం పొట్టులో ఆక్సలేట్‌తో ముడిపడి ఉంటుంది. సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల సద్ది తినండి, రుచి కోసం తినండి. పాలకూర ఇంకా మోసం. రాబర్ట్ హీనీ, కోనీ వీవర్ అనే పరిశోధకులు కొలిచి చూస్తే పాలకూరలోని సున్నంలో ఒంటికి పట్టింది నూటికి 5 పాళ్లు. పాలలోది సుమారు 30. ఓక్ ట్రీ రోడ్డు కొట్లలో దొరికే బాక్ చోయ్, కేల్ ఆకుల్లో ఆక్సలేట్ తక్కువ, వాటి సున్నం సగం దాకా పడుతుంది. కేల్‌తో పప్పు బాగానే ఉంటుంది. మా ఇంట్లో మొదట ఎవరూ నమ్మలేదు.

పెద్దమ్మకు అసలు దిగులు తన రాయి గురించి కాదు, ఏడో నెల గర్భంతో ఉన్న కూతురి గురించి. పుట్టేనాటికి బిడ్డ ఒంట్లో 30 గ్రాముల సున్నం చేరుతుంది, అదీ ఎక్కువగా ఆఖరి మూడు నెలల్లో. ఆ రోజుల్లో తల్లి పేగు తిండిలోంచి రెండింతలు పీల్చుకోవడం నేర్చుకుంటుంది. పాలిచ్చేటప్పుడు మాత్రం గాదెలోంచే తీస్తుంది, బిడ్డ పాలు మానేశాక మళ్లీ నింపుకుంటుంది.

ఇంకో విశేషం ఉంది. గర్భిణులకు రక్తపోటు పెరిగి ఫిట్స్ దాకా పోయే జబ్బును మన పల్లెల్లో గుర్రపువాతం అంటారు. గ్వాటెమాలాలోని మాయా తెగ స్త్రీలు కడు పేదవాళ్లు, అయినా వాళ్లలో ఈ జబ్బు అరుదు. ఎందుకని వెతికిన బెలిజాన్, విల్లార్ అనే వైద్యులకు వాళ్ల వంటింట్లో జవాబు దొరికింది. మొక్కజొన్నను సున్నపు నీళ్లలో నానబెట్టి వండటం వాళ్ల తరతరాల ఆచారం. 1980లో వాళ్లు వేసిన ఈ ఊహ తర్వాత ఎన్నో పరీక్షలకు నిలిచింది. సున్నం తక్కువ తినే దేశాల్లో గర్భిణులకు రోజుకు 1.5 నుంచి 2 గ్రాముల కాల్షియం ఇమ్మని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బెంగళూరులోనూ టాంజానియాలోనూ చెరి 11,000 మంది గర్భిణులతో చేసి 2024లో ప్రకటించిన అధ్యయనంలో ఈ జబ్బును ఆపడంలో 500 మిల్లీగ్రాములు కూడా 1500కు తీసిపోలేదు. రోజుకు మూడు బిళ్లలు మింగలేక మానేసేవాళ్లకు ఇది మామూలు కబురు కాదు.

ఇది విని పెద్దమ్మ ఠక్కున అడిగారు: "మరి గట్లైతే ఆకు, వక్క, సున్నం మంచిదేనా?" సున్నానికి సరే గానీ వక్క నోటి క్యాన్సర్‌కు దారి. ఆవిడ మొహం చిన్నబోయింది.

బిళ్లల సంగతి

ఇంత చదివాక 'ఒక బిళ్ల వేసుకుంటే పోలా' అనిపిస్తుంది. కర్హన్ బృందమే 1997లో ఆడవాళ్ల మీద చూస్తే, తిండిలో కాల్షియం ఎక్కువున్నవాళ్లకు రాళ్లు తగ్గాయి. బిళ్లలు వేసుకున్నవాళ్లకు నూటికి ఇరవై పాళ్లు పెరిగాయి. ఖాళీ కడుపున వేసుకున్న బిళ్లకు ప్లాట్‌ఫారం మీద ఆక్సలేట్ ఎదురుపడదు, నేరుగా ఇంటికొచ్చేస్తుంది. 36,282 మంది ముట్లుడిగిన స్త్రీలకు ఏడేళ్లపాటు కాల్షియం, విటమిన్ డి బిళ్లలు ఇచ్చి చూసిన అమెరికా అధ్యయనం 2006లో వచ్చింది. తుంటి ఎముక చిక్కదనం రవ్వంత పెరిగింది, తుంటి విరగడం మాత్రం నిర్ధారణగా చెప్పేంత తగ్గలేదు. రాళ్లు నూటికి 17 పాళ్లు పెరిగాయి. తిండితో లోటు పూడనివాళ్లకు, వైద్యులు రాసిచ్చినవాళ్లకు బిళ్ల అవసరమే. అప్పుడు భోజనంతో పాటు, ఒక్కసారికి 500 మించకుండా. పట్టీ మీద కాల్షియం కార్బొనేట్ 1250 అని ఉంటే అందులో అసలు కాల్షియం 500 అని గుర్తు.

థైరాయిడ్ బిళ్లకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, పేగులో రెండూ కరుచుకుంటాయి. టెట్రాసైక్లిన్ జాతి మందులను పాలతో మింగవద్దనేది కూడా అందుకే. ఈ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను 1940ల్లో బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన లెడర్లీ ప్రయోగశాల న్యూజెర్సీ సరిహద్దును ఆనుకున్న పెర్ల్ రివర్‌లో ఉండేది. ఆ పరిశోధనలన్నింటికీ పెద్ద దిక్కు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఎముకలో సున్నానికి జంటగా ఉండేది భాస్వరం. రక్తంలో, మూత్రంలో ఆ భాస్వరాన్ని కొలిచే తీరును ఫిస్క్‌తో కలిసి 1925లో చెప్పిందీ ఆయనే. ఎడిసన్ నుంచి పెర్ల్ రివర్ గంట ప్రయాణం.

ఆ శనివారం గ్యాలన్ పాలు బండిలోనే ఉండిపోయాయి. పాలకూర కట్ట కూడా ఉంది, పెరుగుతో కలిపి తింటానని మాటిచ్చారు. నీళ్లు బాగా తాగమన్నాను, రాయి సైజు సంగతి డాక్టరు గారినే అడగమన్నాను. రెండు రోజులకు వాళ్లింటికి వెళితే వంటింట్లో గొణుక్కుంటున్నారు. ఈ చలికి పాలు తోడుకోవడం లేదట. ఓవెన్ వెలిగించకుండా దాని లోపలి బల్బు మాత్రం వేసి, గిన్నె రాత్రంతా అందులో ఉంచమన్నాను. ఇక్కడి తెలుగిళ్లన్నీ చేసే పనే. పొద్దున్నే ఫోను మోగింది.

"గడ్డ పెరుగు బిడ్డా!"